పేరొకటి, పండుగ వేరొకటి

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడు ప్రాంతమున, సిర్గాపూరు అను గ్రామము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇది మండల కేంద్రమైనది. ఊరు చిన్నదేగాని దాని ఉనికి విశేషమైనది. మూడు భాషల సీమలు కలిసికొను చోటునకు ఇది సమీపమున నున్నది. ఒక దిక్కునకు పోయినచో కన్నడము, మఱియొక దిక్కునకు పోయినచో మరాఠీ వినబడును. ఈ సీమలో ఇంట తెలుగు మాటాడువారు సంతలో ఆ రెండు భాషలను కూడ అర్థము చేసికొనగలరు. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడువఱకు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిదే. నాడు జిల్లా కచేరీలో పని పడినవారు బీదరునకే పోవలసియుండెను.

ఆ బీదరు పట్టణమున 'నానక్ ఝీరా' అను గురుద్వారము కలదు. ఝీరా యనగా నీటి ఊట. సిక్కు మత స్థాపకుడైన గురునానక్ దక్షిణదేశ యాత్రలో ఇచ్చటికి వచ్చెననియు, ఉప్పునీటితో బాధపడుచున్న ప్రజలకు ఆయన కృపవలన తీయని నీటి ఊట లభించెననియు సిక్కుల సంప్రదాయము. ఉత్తరముగా గోదావరి యొడ్డున నాందేడు కలదు. సిక్కుల పదవ గురువైన గురు గోవింద సింహుడు 1708వ సంవత్సరము అక్టోబరు నెలలో అచ్చటనే దేహము చాలించెను. అచ్చటి హుజూర్ సాహెబు సిక్కుల అయిదు తఖ్తులలో, అనగా అయిదు ధర్మపీఠములలో, ఒకటి. ఇక సంగారెడ్డి జిల్లాలోనే కొండాపురమున ఒక పాటిమన్ను దిబ్బ కలదు. హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖవారు 1940 తరువాతి సంవత్సరములలో దానిని త్రవ్వగా, శాతవాహనుల నాణెములతోపాటు బౌద్ధుల చైత్య స్తూపముల జాడలు బయటపడినవి. ఈ విధముగా సిర్గాపూరు బాలుని ఊరిగుడి ఒక మతమును, బీదరు నాందేడు పట్టణములు ఒక మతమును, కొండాపురము మఱియొక మతమును జ్ఞప్తికి తెచ్చుచున్నవి.

ఇట్టి చోట పెరుగు బాలుడు గోడకు వ్రేలాడు క్యాలెండరు చూచినప్పుడు తికమకపడుట సహజము. ఏప్రిలు నెలలో 'వైశాఖి' యని యుండును. ఇంకను చైత్రమాసమైనను ముగిసియుండదు. మే నెలలో 'వైశాఖ పూర్ణిమ', దానిక్రిందనే 'బుద్ధ పూర్ణిమ' యని యుండును. ఆషాఢమున 'గురుపూర్ణిమ' కనబడును. కార్తిక పూర్ణిమనాడు గురునానక్ జయంతి. దానిని సిక్కులు 'గురుపరబ్' అందురు. ఫాల్గుణమున హోలీ, దాని మరునాడు 'హోలా'. వీరందఱును ఒకే పండుగను వేర్వేరు తేదీలలో జరుపుకొనుచున్నారా? లేక ఒకరి పండుగను మఱియొకరు తీసికొనిరా?

ఈ ప్రశ్నకు పెద్దలనుండి రెండు విధముల సమాధానములు వచ్చుచుండును. 'అన్నియు నొకటే నాయనా' యని కొందఱందురు. 'వారిది మన పండుగకు నకలు' అని మఱికొందఱందురు. మొదటిమాట మర్యాదగా తోచును. రెండవది గర్వముతో కూడినది. కాని రెండింటివలనను కలుగు నష్టమొక్కటే: పొరుగువాడు ఆ దినమున దేనిని తలచుకొనుచున్నాడో మనము తెలిసికొన ప్రయత్నింపము. ఆ తెలియనితనము వలన మనము పోగొట్టుకొనునది ఎంత విలువైనదో వైశాఖి విషయమున చక్కగా తెలియును. కావున దానినే కొంత విపులముగా పరిశీలింతము.

ముందుగా పేరు సంగతి. మన మాసముల పేర్లు నక్షత్రములనుండి వచ్చినవి. పూర్ణిమనాడు చంద్రుడు చిత్తా నక్షత్ర సమీపమున నుండు మాసము చైత్రము. విశాఖా నక్షత్ర సమీపమున నుండు మాసము వైశాఖము. కృత్తికల దగ్గఱ నుండు మాసము కార్తికము. కాబట్టి 'వైశాఖ' మను మాట ఏ మతమునకును చెందినది కాదు. అది ఆకాశమునకు చెందినది. ఈ దేశమున పుట్టిన మతములన్నియు ఆ ఆకాశమునే చూచి కాలమును లెక్కించినవి గనుక, వాని పండుగల పేర్లలో ఒకే ధాతువులు మరల మరల కనబడుచుండును.

అయితే లెక్కించు పద్ధతులు రెండు గలవు. తెలుగువారు చంద్రుని గమనమునుబట్టి మాసములను గణింతురు. అమావాస్య ముగిసిన మరునాడు పాడ్యమితో క్రొత్త మాసము ప్రారంభమగును. ఇది చాంద్రమానము. పంజాబు, వంగదేశము, తమిళనాడు మొదలగు చోట్ల సూర్యుడు ఒక రాశినుండి మఱియొక రాశిలో ప్రవేశించుటను బట్టి మాసములను గణింతురు. ఇది సౌరమానము. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించినప్పుడు పంజాబీలకు 'వైశాఖ' మాసము ప్రారంభమగును. ఆ మాసపు మొదటి దినమే వైశాఖి. దానిని వారు 'విసాఖి' యనియు పలుకుదురు. తమాషా యేమనగా, ఇదే మేషమాసమును వంగదేశీయులు 'బైశాఖ్' అనియు, తమిళులు 'చిత్తిరై' అనియు పిలుతురు. ఆకాశమున సూర్యుడున్న చోటొక్కటే. పంజాబీలకు వైశాఖము, తమిళులకు చైత్రపు పేరు! పేరునుబట్టి పండుగను గుర్తింపవలెనన్న పద్ధతి ఎంత బలహీనమైనదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

పండ్రెండు చాంద్రమాసములకు దాదాపు 354 దినములు మాత్రమే యగుటచేత, ప్రతి సంవత్సరము తిథులు పదునొకండు దినములు వెనుకకు జరుగుచుండును. ఆ లోటు పెరుగకుండ ఇంచుమించు రెండున్నర సంవత్సరముల కొకసారి అధికమాసమును చేర్చుదురు. అందుచేత వైశాఖ పూర్ణిమ స్థిరముగా ఒక తేదీన రాదు. 2024లో మే 23న వచ్చినది. 2025లో మే 12న వచ్చినది. సౌరమానపు వైశాఖి యట్లు తిరుగాడదు. అది ఏప్రిలు 13వ తేదీన గాని 14వ తేదీన గాని వచ్చును. అదియు శాశ్వతముగా కదలనిది కాదు. సూర్యుడు నక్షత్రములతో పోల్చినప్పుడు ఒక చుట్టు తిరిగి వచ్చుటకు పట్టు కాలము ఋతువుల సంవత్సరముకంటె సుమారు ఇరువది నిమిషములు ఎక్కువ. ఆ కొంచెము కూడి కూడి డెబ్బది యేండ్లకు ఒక దినమగును. ఈ కదలికను ఆపుటకై 2003వ సంవత్సరమున అమృతసరులోని శిరోమణి గురుద్వారా ప్రబంధక సంఘమువారు 'నానక్‌షాహీ' యను క్రొత్త పంచాంగమును స్వీకరించి, అందు వైశాఖిని ఏప్రిలు 14వ తేదీకి స్థిరపఱచిరి. తరువాత ఆ పంచాంగము విషయమై సిక్కులలోనే భిన్నాభిప్రాయములు కలిగి, 2010లో అందు మార్పులు జరిగినవి. తన పండుగ తేదీని తన లెక్కతో తానే నిర్ణయించుకొనవలెనన్న పట్టుదల ఒక సమాజమునకు ఎంత ముఖ్యమో ఈ వివాదము చూపుచున్నది.

ఇంతవఱకు చెప్పినది పేరునకు, తేదీకి సంబంధించినది. పండుగకు ప్రాణము జరిగిన కథలో నున్నది.

పంజాబులో వైశాఖి యనగా మొదట రబీ పంట చేతికి వచ్చు సంతోష సమయము. గోధుమ కోతలు అప్పుడే. మూడవ గురువైన అమరదాసు గోయింద్వాలున నివసించు కాలమున, శిష్యులందఱు వైశాఖికి తన యొద్ద సమావేశము కావలెనని నియమించెను. ఆ విధముగా పంట పండుగ సంఘపు సమావేశముగా మారినది. 1699వ సంవత్సరమున వైశాఖినాడు, అనగా నాటి ఆంగ్లేయుల పాత క్యాలెండరు ప్రకారము మార్చి 30వ తేదీన, పదవ గురువు గోవింద సింహుడు ఆనందపురమున గొప్ప సభ చేసెను. దేశపు నలుమూలలనుండి సిక్కులు వచ్చి చేరిరి.

సభ నిండియుండగా గురువు ఒర నుండి దూసిన ఖడ్గముతో నిలువబడి, 'నాకు ఒక శిరస్సు కావలెను. ధర్మము కొఱకు ఇచ్చువాడెవడు?' అని యడిగెనని సిక్కుల గ్రంథములు చెప్పుచున్నవి. సభ నిశ్శబ్దమైనది. కొందఱు భయపడి మెల్లగా తొలగిపోయిరట. చివరకు లాహోరు వాస్తవ్యుడైన దయారాముడు లేచెను. గురువాతనిని గుడారములోనికి గొనిపోయి, నెత్తురు కారు ఖడ్గముతో మరల బయటికి వచ్చి, మఱియొక శిరస్సు నడిగెను. ఈ విధముగా అయిదు పర్యాయములు జరిగినది. దయారాముని వెనుక హస్తినాపురపు ధర్మదాసు, పూరీ జగన్నాథపు హిమ్మతరాయడు, ద్వారకకు చెందిన మోహకంచందు లేచిరి. అయిదవ వాడు సాహెబుచందు. ఆతడు క్షురక వృత్తివాడు. ఆతని యూరు బీదరు.

విద్యార్థులారా, ఈ పేరు చదివినప్పుడు కొంచెము నిలువుడు. పంజాబునకు ఎన్ని వందల క్రోసుల దూరమున నున్నది బీదరు! ఆనాటి దారులలో, ఆనాటి వాహనములతో, ఒక మంగలి దక్కనునుండి ఆనందపురమునకు పోయి, గురువడిగినప్పుడు తన తల నిచ్చుటకు లేచి నిలిచెను. 1956 వఱకు సిర్గాపూరు సీమ కంతటికిని జిల్లా పట్టణమైన బీదరే ఆతని యూరు.

కొంతసేపటికి గురువు అయిదుగురిని సజీవులుగా, క్రొత్త వస్త్రములతో సభలోనికి తీసికొని వచ్చెను. ఇనుప పాత్రలో నీరు పోసి, పంచదార బిళ్ళలు వేసి, రెండంచుల కత్తితో కలియబెట్టి ఆ అమృతమును వారిచే త్రాగించెను. వారు 'పంచ ప్యారే', అనగా అయిదుగురు ప్రియులు, అయిరి. ఆ తరువాత జరిగినది మఱింత ఆశ్చర్యకరము. గురువు తానే ఆ అయిదుగురి యెదుట చేతులు జోడించి, వారి చేతిమీదుగా అమృతమును స్వీకరించెను. గురువే శిష్యులకు శిష్యుడయ్యెను. అయిదుగురు పుట్టిన కులములు వేఱు. ఒకే పాత్రనుండి త్రాగిరి. అందఱి పేర్ల చివర 'సింహ్' అను మాట చేరినది. బీదరు సాహెబుచందు భాయి సాహెబు సింహుడయ్యెను. కొన్ని సంవత్సరముల తరువాత చంకౌరు యుద్ధమున ఆతడు నిజముగనే తన ప్రాణము నిచ్చెను. ఆ వైశాఖినాడు ఏర్పడిన సంఘమునకే 'ఖాల్సా' యని పేరు.

సిక్కులకు వైశాఖి యనగా ఇది. 1919వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన అమృతసరులోని జలియన్‌వాలా బాగులో జనరల్ డయ్యరు కాల్పులు జరిపించినది కూడ వైశాఖినాడే. పండుగకని పొరుగూళ్లనుండి వచ్చినవారు అనేకులు ఆ తోటలో నుండిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 379 మంది మరణించిరి. అప్పటినుండి ఆ దినమున సంతోషముతోపాటు దుఃఖ స్మరణ కూడ చేరినది.

ఇక వైశాఖ పూర్ణిమ. సిద్ధార్థుడు లుంబినీ వనమున జన్మించినదియు, బోధివృక్షము క్రింద జ్ఞానమును పొంది బుద్ధుడైనదియు, కుశీనగరమున మహాపరినిర్వాణము చెందినదియు ఈ పూర్ణిమ నాడేయని సింహళము, బర్మా, సయాము మొదలగు దేశముల బౌద్ధులు విశ్వసింతురు. మూడు ఘట్టములకు ఒకే దినము! సింహళీయులు దీనిని 'వెసక్' అందురు. ఇంటింట వెదురుబద్దలతోను రంగుకాగితములతోను లాంతరులు కట్టి వెలిగింతురు. 'వెసక్' అను మాట మన 'వైశాఖ' శబ్దమే. టిబెటునందు దీనిని 'సగా దవా' యందురు. 'సగా' యనగా విశాఖా నక్షత్రము, 'దవా' యనగా మాసము. భాష మారినను నక్షత్రము మారలేదు. జపానువారు మాత్రము బుద్ధుని జననమును ఏప్రిలు 8వ తేదీన ప్రత్యేకముగా జరుపుకొందురు. జ్ఞానప్రాప్తికి, నిర్వాణమునకు వారికి వేఱు దినములు గలవు. 1999వ సంవత్సరమున ఐక్యరాజ్య సమితి వెసక్ దినమును అంతర్జాతీయముగా గుర్తించినది. బుద్ధుని పరినిర్వాణమునకు 2500 సంవత్సరములు నిండిన సందర్భమున 1956లో భారతదేశమంతట ఉత్సవములు జరిగినవి. తెలంగాణమున నాగార్జునసాగరు చెంత 2022వ సంవత్సరము మే నెలలో 'బుద్ధవనము' ప్రారంభింపబడినది. కాని ఈ ఉత్సవములలో ప్రధానమైనది ఆడంబరము కాదు. శీలములను స్వీకరించుట, దానము చేయుట, ధ్యానము చేయుట, ఆ దినమున ఏ ప్రాణికిని హింస కలుగనీయకుండుట ముఖ్యమైన విధులు. వైశాఖినాడు సిక్కులు స్మరించునది ధర్మ రక్షణకై దూసిన ఖడ్గమును. వెసక్ నాడు బౌద్ధులు స్మరించునది ఆయుధమును పూర్తిగా విడనాడిన రాజకుమారుని. ఈ రెండింటిని 'వైశాఖపు పండుగ' యని ఒక్క మాటతో కట్టివేసినచో ఇరువురికిని అన్యాయము చేసినట్లే.

హిందువులకును వైశాఖ పూర్ణిమ పుణ్యదినమే. ఆనాడు కూర్మ జయంతి. పదకవితా పితామహుడైన తాళ్లపాక అన్నమాచార్యుని జయంతి కూడ ఆ పూర్ణిమనాడే జరుగుచుండును. ఆయన 1408వ సంవత్సరమున, వైశాఖమున, విశాఖా నక్షత్రమున జన్మించెనని చెప్పుదురు. హిందువులలో అనేకులు బుద్ధుని విష్ణువు అవతారములలో ఒకనిగా గణింతురు. డాక్టరు అంబేడ్కరు వెంట నడచిన బౌద్ధులు ఈ మాటను స్పష్టముగా నిరాకరింతురు. ఒకే దినమున ఒకే మహాపురుషునికి ఇరువురు నమస్కరించినను, ఆయన యెవరన్న విషయమున వారి భావములు వేఱుగా నుండవచ్చునని దీనినిబట్టి తెలియవలెను. మఱియొక చిక్కు కూడ కలదు. ఏప్రిలు 14వ తేదీన సరిహద్దు గ్రామములలో బౌద్ధులు నీలి జెండాలతో ఊరేగింపులు తీయుదురు. తేదీ చూచి దానిని వైశాఖి యనుకొనరాదు. అది 1891లో జన్మించిన అంబేడ్కరు జయంతి.

ఈ విధమైన జంట మన సంక్రాంతి సమయమునను కలదు. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించిన దినమున మనము సంక్రాంతి జరుపుకొందుము. పంజాబులో ఆనాడు మాఘ మాసపు మొదటి దినము గనుక 'మాఘీ' యందురు. సిక్కులకు అది ముక్తసరు యుద్ధమున 1705లో ప్రాణములు విడిచిన నలువది మంది వీరుల స్మృతి దినము. వారు మొదట గురువును విడిచిపోయినవారు. మాయీ భాగో యను వీరవనిత వారిని మరల యుద్ధమునకు నడిపించెను. ఆమె తరువాత గురువుతో దక్షిణమునకు వచ్చి, బీదరునకు సమీపమున నున్న జనవాడలో తన చివరి దినములు గడపెనని సిక్కులు చెప్పుదురు. అచ్చట ఆమె పేర గురుద్వారము కలదు. ఇక మాఘ పూర్ణిమ వేఱు. ఆనాడు మనవారు పుణ్యస్నానములు చేయుదురు. సయాము దేశపు బౌద్ధులు, పిలువకయే బుద్ధుని యొద్దకు 1250 మంది భిక్షువులు వచ్చి చేరిన వృత్తాంతమును స్మరించి 'మాఘపూజ' చేయుదురు. సంక్రమణమునకు సిక్కుల మాఘీ, పూర్ణిమకు బౌద్ధుల మాఘపూజ. వైశాఖమునందలి తీరే ఇచ్చటను గలదు.

తరువాత గురుపూర్ణిమ, గురుపరబ్. ఈ రెండింటికిని తేదీలోగాని కథలోగాని సంబంధము లేదు. ఉన్నది 'గురు' శబ్దము మాత్రమే. ఆషాఢ పూర్ణిమ హిందువులకు వ్యాస పూర్ణిమ. వేదములను విభజించి మహాభారతమును రచించిన వ్యాసుని ఆదిగురువుగా ఆనాడు పూజింతురు. సన్న్యాసులు చాతుర్మాస్య దీక్ష వహింతురు. ఇప్పుడు తెలుగునాట అనేక గ్రామములలో సాయిబాబా మందిరములందు ఈ దినము అత్యంత వైభవముగా జరుగుచున్నది. బౌద్ధులకు ఈ పూర్ణిమనాడే బుద్ధుడు సారనాథమున అయిదుగురు భిక్షువులకు ధర్మచక్ర ప్రవర్తనము చేసెను. మరునాటినుండి వారికి వర్షావాసము, అనగా వానకాలమంతయు ఒకచోటనే నిలిచియుండు నియమము, ప్రారంభమగును. ఇచ్చట మాత్రము హిందువులకును బౌద్ధులకును నిజమైన పోలిక కలదు. వానలలో సంచారము కష్టము. నడచినచో పురుగు పుట్ర కాలిక్రింద పడి నలిగిపోవును. కావున ఇరు మతముల యతులును ఆగిపోయిరి. ఆగినచోట గురువు, ఆ గురువు చుట్టు శిష్యులు. ఈ దేశపు ఋతువే ఇరువురికిని ఆ ఆచారమును నేర్పినది.

సిక్కుల గురుపరబ్ అట్టిది కాదు. 'పరబ్' అనగా మన 'పర్వము'. పదిమంది గురువులలో ఎవరి జన్మదినమైనను, బలిదాన దినమైనను గురుపరబే. 1606లో లాహోరున హింసలకు గురియై మరణించిన అర్జున గురువు దినము గురుపరబే. 1675లో ఢిల్లీయందు శిరచ్ఛేదము నొందిన తేగ్ బహదూరు గురువు దినము గురుపరబే. కావున సంవత్సరమున ఇవి అనేకములు వచ్చును. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కార్తిక పూర్ణిమనాటి నానక్ గురువు జయంతి. ఆయన 1469వ సంవత్సరమున తల్వండి గ్రామమున జన్మించెను. ఆ యూరు నేడు పాకిస్తానులో నన్‌కానా సాహెబు అను పేర నున్నది. ఆయన జన్మించినది వైశాఖమాసమున అని చెప్పు పాత జీవిత చరిత్రలు కూడ కలవు! అయినను జయంతి జరుగుట కార్తికమందే. తెలుగింటి స్త్రీలు ఆ సాయంకాలము శివాలయమున దీపములు వెలిగించుచుండగా, బీదరు గురుద్వారమున పాటలు, పఠనము, వచ్చినవారి కందఱికిని ఒకే పంక్తిలో భోజనము జరుగుచుండును. ఆ పంక్తి భోజనమును 'లంగరు' అందురు. తెలంగాణ ప్రభుత్వపు సెలవుల పట్టికలో ఈ రెండును ఒకే సెలవుగా ఒకే పంక్తిలో వ్రాయబడుచున్నవి. సెలవు ఒకటి, సందర్భములు రెండు.

పండుగకు ముందు గురుద్వారములందు గ్రంథ సాహెబును మొదటినుండి చివరవఱకు, 1430 పుటలను, విరామము లేకుండ రెండు రాత్రులు రెండు పగళ్లు చదువుదురు. ఏలయనగా గురు గోవింద సింహుడు 1708లో నాందేడున, తన తరువాత మనుష్య గురువు ఉండడనియు, గ్రంథమే గురువనియు చెప్పెను. హిందువు గురుపూర్ణిమనాడు జీవించియున్న గురువు పాదములకు మ్రొక్కవచ్చును. సిక్కునకు అది తగదు. 'గురు' శబ్దము ఇరువురి నోటను పలుకుచున్నను, ఒకరి కన్నుల యెదుట మనుష్యుడును, ఒకరి కన్నుల యెదుట గ్రంథమును నిలుచుచున్నవి.

హోలీ, హోలాల సంగతి ఇంత దీర్ఘముగా చెప్పనక్కఱలేదు. మన పల్లెలలో ఫాల్గుణ పూర్ణిమకు కాముని దహనము చేసి, రంగులు చల్లుకొందురు. మరునాడు సిక్కులు 'హోలా మొహల్లా' జరుపుదురు. అది గురు గోవింద సింహుడు ఆనందపురమున ఏర్పఱచిన యుద్ధవిద్యల ఉత్సవము: గుఱ్ఱపు స్వారీ, కత్తిసాము, బూటకపు దండయాత్ర. 'హోలీ' స్త్రీలింగ శబ్దము. 'హోలా' దానికి కావలెనని కల్పించిన పుంలింగ రూపమని చెప్పుదురు. పేరులోని పోలిక ఇచ్చట యాదృచ్ఛికము కాదు. పాత పండుగను చూచి, దానికి భిన్నముగా బుద్ధిపూర్వకముగా నిలిపిన క్రొత్త పండుగ ఇది. రంగులకు బదులు ఆయుధములు. నాందేడున ఇది ఇప్పటికిని గొప్పగా జరుగును. బౌద్ధులకు ఆ పూర్ణిమ మఱియొక విధమైనది. సింహళమున బుద్ధుడు జ్ఞానియైన తరువాత కన్నతండ్రిని చూడ కపిలవస్తునకు వచ్చిన సంఘటనను ఆనాడు తలచుకొందురు.

చివరిది దసరా. ఆశ్వయుజ శుద్ధ దశమినాడు సిర్గాపూరు వంటి తెలంగాణ గ్రామములలో జమ్మిచెట్టును పూజించి, ఆ ఆకును 'బంగార' మని పెద్దల చేతిలోనుంచి దండము పెట్టుదురు. పాలపిట్టను చూచుట శుభమని పొలిమేరకు పోవుదురు. నాందేడు సిక్కులు ఆ దినమున ఖడ్గములు ధరించి ఊరేగుదురు. ఆ పరుగునకు 'హల్లా' యని పేరు. పంజాబు గురుద్వారములందు ఇట్టి ఆచారము కనబడుట తక్కువ. దక్కనున స్థిరపడిన సిక్కులు చుట్టునున్న పండుగను తమ తీరున మలచుకొనిరని నా యభిప్రాయము. బౌద్ధులు దీనిని 'అశోక విజయదశమి' యందురు. కళింగ యుద్ధము తరువాత అశోకుడు హింసను విడిచి ధర్మవిజయమును కోరుకొన్నందున ఆ పేరు పెట్టుకొనిరి. ఇచ్చట 'విజయ' మనగా శత్రువును జయించుట కాదు, జయింపవలెనన్న కోరికను జయించుట. ఈ పేరుగల దినముననే అంబేడ్కరు లక్షలాది అనుచరులతో నాగపురమున బౌద్ధమును స్వీకరించెను. ఆ స్థలమునకు దీక్షాభూమి యని పేరు. తెలంగాణ సరిహద్దు గ్రామములనుండి కూడ ప్రతి సంవత్సరము జనులు అచ్చటికి పోవుచుందురు.

అయితే ఏ దినమున పోవలెను? దశమి తిథినాడు పోవువారు కొందఱు. అక్టోబరు 14వ తేదీని పాటించువారు మఱికొందఱు. ఇందు చంద్రుని లెక్క ఒకటి, ఇంగ్లీషు క్యాలెండరు లెక్క ఒకటి. దీక్ష జరిగిన 1956వ సంవత్సరమున ఆ రెండును ఒకే ఆదివారమున కలిసినవి.